కొడుకుని తిట్టిన డైరీ

మా ఆవిడ సులోచన నడవదు, పరిగెత్తుతుంది. షెఫీల్డ్ ఊరంతా ఎత్తుపల్లాలే. అలాంటి ఊళ్ళో పరిగెత్తే మనిషి పక్కన నడవాల్సిన మొగుడి అవస్థ ఏమిటో మీరే ఊహించుకోండి. బస్సు వెళ్ళిపోతుంటే పరిగెడుతుంది, బస్సు రావడానికి పావుగంట ఉన్నా పరిగెడుతుంది. ఏదైనా కొత్త సంగతి తెలిసిందంటే మరీను. చేతిలో పని అక్కడే పడేసి, చెప్పడానికి మనిషి దొరికేదాకా ఊపిరి తీసుకోదు. ఆ దొరికే మనిషిని ఎప్పుడూ నేనే కాబట్టి, ఆవిడ కథ చెప్పే హక్కు నాకే ఉందనుకుంటున్నాను.

పుట్టిందీ పెరిగిందీ తెనాలిలో, నలుగురు అక్కల తర్వాత. హైదరాబాదులో జర్మన్ భాషలో ఎమ్మే చేసింది. లోకంలో ఇన్ని చదువులుండగా జర్మన్ ఎందుకని పెళ్ళిచూపుల్లో అడిగాను. "మా అక్కలెవరికీ రాదని" అంది. ఆ జవాబు విన్న తర్వాత వేరే సంబంధాలు చూడబుద్ధి కాలేదు.

1998లో నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మమ్మల్ని షెఫీల్డ్‌లో దింపింది. మా నిఖిత అప్పటికి చంకలో పిల్ల. రెండేళ్ళపాటు సులోచన ఆ పిల్లని తోపుడుబండిలో వేసుకుని ఊళ్ళో ప్రతి గుట్టా ఎక్కింది, దిగింది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోందని ఒకరోజు యూనివర్సిటీలో ఎవరైనా వచ్చి వినొచ్చన్న ఉపన్యాసానికి వెళ్ళింది. నాజీలు యూదుల్ని వేటాడిన రోజుల్లో ఆ యూదులే రాసుకున్న డైరీల గురించి ఉపన్యాసం. మాట్లాడినావిడ ఒక పేజీ చదివి వినిపించిందట. కంచెలు వేసి బంధించిన పేటలో ఒక ఇల్లాలు, కుళాయి దగ్గర తన బకెట్టు పక్కకి జరిపిన పొరుగావిడని పేజీ నిండా దులిపేసింది. హాలంతా నిశ్శబ్దంగా ఉంటే మా ఆవిడ ఫక్కున నవ్వేసింది. అందరూ తిరిగి చూశారు. ఆ వెంటనే ఏడుపు ఆగలేదట.

"అచ్చం మా వీధి కుళాయేనండీ!" అంది ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా. "వాళ్ళకేం జరగబోతోందో మనకి తెలుసు. ఆవిడకి తెలీదు. ఆవిడకి ఆ రోజు బకెట్టే ముఖ్యం. చచ్చిపోయినవాళ్ళని అందరం దేవుళ్ళని చేసి కూర్చోబెడతాం. వాళ్ళు బిందెల కోసం పోట్లాడుకున్నారండీ, మనలాగే!"

మర్నాడే వెళ్ళి ఆ ఉపన్యాసం ఇచ్చిన డాక్టర్ మార్గరెట్ హోల్డెన్‌ని పట్టుకుంది. ఏడాది తిరక్కుండా ఆవిడ దగ్గరే పరిశోధనకి చేరింది. "పెళ్ళయి పిల్ల పుట్టాక ఇదేం చదువురా, పైగా ఆ కష్టాలన్నీ చదవడం" అని మా అమ్మ ఫోన్‌లో నన్ను నిలదీసింది. నేనేం చెప్పను? నాకే సరిగ్గా అర్థం కాలేదు. ఆదివారం పూట ఇడ్లీ తింటూ వియన్నాలో దుకాణాల అద్దాలు పగలగొట్టిన సంగతి వినాల్సి రావడం నాకూ కష్టంగానే ఉండేది. కానీ ఆవిడ కళ్ళలో ఆ వెలుగు చూసి నోరు మూసుకున్నాను.

ఆవిడ చదివిన డైరీలన్నిటిలోకీ ఆవిడ మనసు పడింది మోరిట్జ్ టౌబర్ అనే ఆయన డైరీ మీద. వియన్నాలో చేతి తొడుగులు కుట్టే మనిషి. యుద్ధానికి ముందు, యూదుల పిల్లల్ని మాత్రం రైళ్ళలో ఇంగ్లండుకి పంపిస్తే, అలా పంపిన తండ్రుల్లో ఆయనొకడు. పదేళ్ళ కొడుకు ఎర్విన్ ఇక్కడికి చేరాడు. తల్లినీ తండ్రినీ 1942లో తీసుకెళ్ళిపోయారు, ఇక తిరిగి రాలేదు. డైరీని మాత్రం పొరుగావిడ బొగ్గుల పెట్టెలో దాచి, యుద్ధం అయ్యాక కొడుక్కి పంపింది. ఆ కొడుకు పెరిగి పెద్దవాడై, న్యూకాసిల్‌లో ఓడల కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. డైరీకి ఫోటోకాపీలు తీయించి పరిశోధకులు చదువుకోవడానికి లైబ్రరీకి ఇచ్చాడు. ఒకటే షరతు, తన అనుమతి లేకుండా అందులోంచి ఒక్క వాక్యం కూడా ఎక్కడా వాడకూడదు.

సులోచన థీసిస్‌లో నాలుగో అధ్యాయమంతా ఆ డైరీయే. అందులో ఒక చిత్రం ఉంది. మోరిట్జ్ కొడుకుని ఎక్కడా పేరుతో పిలవడు. కోతిమొహం అంటాడు, అనాకారి అంటాడు, తిండిపోతు, పనికిమాలినవాడు అంటాడు. అద్దెవాటాలో కింద ఉండే పిల్లల్ని మాత్రం ముత్యాల్లాంటి పిల్లలని మెచ్చుకుంటాడు. దాని మీద మా ఆవిడ మహా గంభీరంగా ఇరవై పేజీలు రాసింది. వీధిలో మొదలైన క్రౌర్యం ఇంట్లోకి ఎలా పాకిందో, భయం ఒక తండ్రి మనసులో కొడుకు మీద ప్రేమని ఎలా ఆవిరి చేసిందో. డాక్టర్ హోల్డెన్ అద్భుతం అంది. నేనూ అద్భుతమే అన్నాను, ఐదు పేజీలు చదివి.

2004 వసంతంలో ఆ అధ్యాయాన్ని అనుమతి కోసం న్యూకాసిల్‌కి పోస్టులో పంపింది. వారం తర్వాత ఫోన్ మోగితే నేనే తీశాను.

"మిస్టర్ టౌబర్ మాట్లాడుతున్నాను. మీ భార్యకి చెప్పండి. ఒక్క వాక్యం కూడా వాడడానికి వీల్లేదు. మా నాన్నకి నేను అక్కర్లేదన్న సంగతి నాకు ఇరవయ్యో ఏటి నుంచీ తెలుసు. దాన్ని అచ్చులో చూసుకోవాల్సిన అవసరం నాకు లేదు."

ఫోన్ పెట్టేశాడు. నేను చెప్పిన మాట విని సులోచన మెట్ల మీదే కూలబడింది. మూడేళ్ళ కష్టం నీళ్ళపాలు కాబోతోంది, నాలుగో అధ్యాయం పోతే మిగతావి నిలబడవు. అయినా ఆవిడ థీసిస్ మాటే ఎత్తలేదు.

"డెబ్భై అయిదేళ్ళ మనిషండీ. పోయిన తండ్రి గురించి ఆయనకి నేనిలా రాసి పంపానా? పైగా కవరులో పెట్టి, స్టాంపు అంటించి?"

ఆ వారమంతా ఆవిడ మామూలు మనుషుల్లా నడిచింది. నాకు భయమేసింది.

ఇలా ఉండగా నిఖిత స్కూల్లో పేరెంట్స్ ఈవినింగ్ వచ్చింది. చిన్నపిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం, మధ్యలో నిఖిత. టీచర్ మొహం వెలిగిపోతోంది. నిఖిత క్లాసులో అందరికన్నా బాగా చదువుతుందట, కథలు రాస్తుందట, చాలా ప్రత్యేకమైన పిల్లట.

"అయ్యో, అదేం లేదండీ" అంది సులోచన ఇంగ్లీషులో, కంగారుగా. "ఇంట్లో శుద్ధ మొద్దు. బద్ధకం. చెప్పిన మాట ఒక్కటీ వినదు."

"తిండి కూడా తినదు" అని నేను నా వంతు సాయం చేశాను. "చూడండి, ఎలా ఉందో పుల్లలా."

టీచర్ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఒకసారి మమ్మల్ని, ఒకసారి పిల్లని చూసింది. "ఇలాంటివి మీరు ఆమె ఎదురుగానే అంటుంటారా?" అని చాలా మృదువుగా అడిగింది. ఆ మృదుత్వానికి నా ఒళ్ళు జలదరించింది. బయటికి వచ్చాక, మనల్ని అడగడానికి ఈవిడెవరని నేను ఒంటికాలి మీద లేచాను కూడా. లోపల మాత్రం సిగ్గుగానే ఉంది.

ఇంటికొచ్చాక నిఖిత దోసె ముట్టుకోలేదు. కంచం వైపు చూస్తూ అంది.

"మిస్ సెడ్ ఐయామ్ బ్రిలియంట్. యూ సెడ్ ఐయామ్ రబ్బిష్. యూ ఆల్వేస్ సే ఐయామ్ రబ్బిష్, మమ్."

"పిచ్చిమొహమా, అది నిజం కాదే!" అంది సులోచన, పెనం మీద దోసె తిప్పుతూ. "నలుగురిలో మెచ్చుకుంటే నీకు దిష్టి తగలదూ? నువ్వు మాకు బంగారం కాబట్టే కదే తిట్టేది. వేరేవాళ్ళ పిల్లల్నయితే నేనూ మెచ్చుకుంటాను, నాకేం..."

మాట అక్కడ ఆగిపోయింది. అట్లకాడ గాల్లో ఆగింది. నేను ఆవిడ మొహం వైపు చూసి, ఏదో అవబోతోందని స్టవ్ దగ్గరికి జరిగాను.

"మోరిట్జ్!" అని అరిచింది. "ఏవండీ! మోరిట్జ్!"

రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తింది. దోసె మాడిపోయింది. ఫోటోకాపీల కట్ట తెచ్చి వంటింటి బల్ల మీద పరిచి, నిలబడే తిరగేసి, చదివిందల్లా తెలుగులో చెప్పడం మొదలెట్టింది.

"ఇది వినండి. పిల్లాడికి పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. 'కోతిమొహం మళ్ళీ తినడం మొదలెట్టాడు, మన ఖర్మ' అని రాశాడు. లెక్కల్లో మొదటివాడిగా వచ్చిన రోజు, 'మాస్టారికి కళ్ళు కనిపించవనుకుంటా' అన్నాడు. ఇంగ్లండు రైల్లో సీటు దొరికినరోజు, 'పనికిమాలినవాడికి చోటిచ్చారు, ఇంకెవరూ దొరకలేదు కాబోలు'. చూశారా? మంచి జరిగిన రోజే తిట్టు గట్టిగా పడుతోంది! చెడు జరిగిన రోజు అసలు తిట్టడు!"

"మా పెదనాన్నలా" అన్నాను నేను. మా నాయనమ్మకి ముందు పుట్టిన పిల్లలు దక్కలేదు. అందుకని పెదనాన్న పుట్టగానే పెంటకుప్ప మీద పెట్టి, మళ్ళీ ఎత్తి తెచ్చుకుని, పెంటయ్య అని పేరు పెట్టింది. ఎవరికీ అక్కర్లేని పిల్లాడనుకుని మృత్యువు కూడా వదిలేస్తుందని.

సులోచన నా భుజం పట్టుకుని ఊపేసింది. "ఉందండీ! మొదట్లోనే ఒకచోట ఉంది. ఎర్విన్ కంటే ముందు ఇద్దరు పిల్లలు పోయారు. ఒకే ఒక్క వాక్యం. నేను దాన్ని ఫుట్‌నోట్లో పడేశాను! మోరిట్జ్ వాళ్ళలాగా పోలండ్ వైపు పల్లెటూళ్ళ నుంచి వచ్చిన యూదుల్లో దిష్టి పట్టింపు ఎంత ఉందో నేను చదివాను కూడా. చదివి, పరీక్షకి వాడుకున్నట్టు వాడుకున్నాను. మన ఇంట్లోనే ఉన్నదాన్ని అక్కడ చూడలేకపోయాను!"

నిఖిత ఇదంతా నోరు తెరుచుకుని చూసి, ఆ సందడిలో రెండు దోసెలు తినేసింది.

మర్నాడు పొద్దున డాక్టర్ హోల్డెన్ తలుపు తీసేసరికి సులోచన గుమ్మంలో ఉంది. ఆవిడ అంతా విని, "ఇది నిజం కావచ్చు. నిజమని నిరూపించలేం. రెండు అర్థాలూ పక్కపక్కన పెట్టు. కానీ ముందు అనుమతి కావాలి" అందట. మిస్టర్ టౌబర్‌కి ఫోన్ చేస్తే అరగంట ఇస్తానన్నాడు, శనివారం. టేప్‌రికార్డరు తేకూడదు. పిల్లని ఉంచడానికి ఎవరూ దొరక్క ముగ్గురం బయల్దేరాం. కారు నేను నడుపుతుంటే, ఆవిడ పక్కసీట్లో కూర్చుని న్యూకాసిల్ దాకా కాళ్ళతో పరిగెడుతూనే ఉంది.

మిస్టర్ టౌబర్ పొడుగాటి మనిషి. ఇంట్లో ప్రతి వస్తువూ గీత గీసినట్టు సర్ది ఉంది. మాకు టీ ఇచ్చాడు, నవ్వు ఇవ్వలేదు. సులోచన ముందు క్షమాపణ చెప్పింది. ఆ తర్వాత స్కూల్లో జరిగింది చెప్పింది, తిట్ల సంగతి చెప్పింది, పెంటయ్య సంగతీ చెప్పింది. ఆయన కదలకుండా విన్నాడు.

"మా నాన్న సోషలిస్టు" అన్నాడు చివరికి. "తాయెత్తులు కట్టుకునేవాళ్ళని చూసి నవ్వేవాడు. మీరు దయగలవారు, మిసెస్ సులోచనా. కానీ నన్ను ఓదార్చడానికి మా నాన్నకి లేని నమ్మకాలు అంటగట్టకండి."

మా ఆవిడ మొహం వాడిపోయింది. అరగంట అయిపోవచ్చింది. అప్పుడు సోఫా చివర కూర్చున్న మా పిల్ల నోరు విప్పింది.

"డాడ్ డజన్ట్ బిలీవ్ ఇట్ ఐదర్. బట్ హీ డస్ ఇట్. విత్ చిల్లీస్. దెన్ ద స్మోక్ అలారమ్ గోస్ ఆఫ్."

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. మిస్టర్ టౌబర్ నా వైపు తిరిగాడు. "మిరపకాయలా?"

"ఎండుమిరపకాయలు, ఉప్పు" అన్నాను. "పిల్ల చుట్టూ తిప్పి స్టవ్ మీద వేస్తాం."

"మీరు కంప్యూటర్ల మనిషి కదా. నమ్ముతారా?"

"నమ్మనండీ."

"మరి ఎందుకు చేస్తారు?"

"పిల్లకి ఒళ్ళు కాలిపోతుంటే, ఏం నమ్ముతానో ఏం నమ్మనో ఎవరికి గుర్తుంటుందండీ?"

నేను అంత తెలివైన మాట అన్నానని నాకప్పుడు తెలీదు, నిజం చెప్పానంతే. ఆయన లేచి మేడ మీదికి వెళ్ళాడు. ఇక మమ్మల్ని వెళ్ళిపొమ్మన్నట్టేనా అని మేం మొహాలు చూసుకుంటుండగా, గోధుమరంగు అట్ట వేసిన పుస్తకంతో దిగి వచ్చాడు. అసలు డైరీ. సులోచన మూడేళ్ళుగా దాని నీడల్ని చూస్తోంది తప్ప దాన్ని చూడలేదు.

ఒక పేజీ తీసి ఆమె ముందు పెట్టాడు. "నేను ఇక్కడిదాకా చదివి మూసేశాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. మళ్ళీ తెరవలేదు. పైకి చదవండి. జర్మన్‌లోనే."

రైలు బయల్దేరినరోజు పేజీ అది. సులోచన చదివింది. దాని అర్థం నాకు కారులోనే చెప్పింది కాబట్టి తెలుసు. 'అనాకారి వెళ్ళిపోయాడు. ఇక ఇంట్లో రొట్టె మిగులుతుంది.'

"ఇదీ సంగతి" అన్నాడు ఆయన.

"తర్వాతి పేజీ మీరు చదవలేదా?" అంది సులోచన.

"లేదు."

ఆమె పేజీ తిప్పింది. చదివింది. ఒకటే వరస. 'రొట్టె మిగిలింది. ఎవరూ తినలేదు.'

మిస్టర్ టౌబర్ "ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారి చదివింది.

"నేనీ వాక్యాన్ని మీకు పంపని ఇంకో అధ్యాయంలో వాడుకున్నానండీ" అంది మా ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ. "వియన్నాలో రొట్టెల సరఫరా గురించి. ఇప్పుడు కూడా మీ నాన్నగారి మనసులో ఇదే ఉందని నేను ఖాయంగా చెప్పలేను. ఆయన నాకు చెప్పలేదు. నాకు వినిపించింది ఇది, అంతే."

ఆయన ఆ మాట విన్నాడో లేదో తెలీదు. ముందుకి వంగాడు. "తర్వాత? తర్వాత నన్నేమన్నాడు?"

సులోచన పేజీ తిప్పింది. కొడుకు రాసిన మొదటి ఉత్తరం వచ్చిన రోజు, పస్తులేమీ లేవట, తిండిపోతు ఇంగ్లండుని కూడా ఖాళీ చేస్తాడు అని రాశాడు మోరిట్జ్. మిస్టర్ టౌబర్ గట్టిగా నవ్వాడు. "తర్వాత?" ఫోటో వచ్చిన రోజు, కోతికి టై కట్టారు అన్నాడు. "ఆ టై నాకు గుర్తుంది! తర్వాత?" ఆయన కుర్చీలో నిలవలేకపోతున్నాడు. టీ చల్లారిపోయింది, అరగంట ఎప్పుడో దాటిపోయింది. మేం తెచ్చిన పులిహోర డబ్బా ఆయనే తెరిచి, చెంచాతో తింటూ, కారానికి దగ్గుతూ, "తర్వాత?" అంటున్నాడు. మా ఆవిడ గొంతు బొంగురుపోయింది. నిఖిత ఆయన కుర్చీ చేతి మీదికి ఎక్కి కూర్చుని, అర్థం కాకపోయినా, ప్రతి తిట్టుకీ ఆయనతోపాటు నవ్వింది.

"ఇవన్నీ అచ్చులో వెయ్యండి" అన్నాడు మధ్యలో, ఎప్పుడో ఇచ్చేసిన అనుమతిలాగా. "మొత్తం వెయ్యండి. ఒక్క తిట్టు వదిలినా ఊరుకోను. వాటిని మెత్తగా చెయ్యొద్దు."

సులోచన తలూపింది. ఆ సంతోషంలో కూడా ఆవిడ చదవడం ఆపలేదు.

పోనుపోను పేజీల మీద రాత తగ్గింది. యుద్ధం వచ్చింది, ఉత్తరాలు ఆగిపోయాయి. ఇల్లు ఖాళీ చేయించారు, కుట్టుమిషను తీసుకున్నారు. ఆ పేజీల్లో తిట్లు లేవు. మిస్టర్ టౌబర్ నవ్వు ఆగిపోయింది. అలా చివరి పేజీ వచ్చింది. 1942. రెడ్‌క్రాస్ వాళ్ళ ద్వారా కొడుకు పంపిన నాలుగు ముక్కల కబురు ఎలాగో చేరిన రోజు. సులోచన నెమ్మదిగా చదివి, తనే ఇంగ్లీషులో చెప్పింది.

'అనాకారి బతికే ఉన్నాడట. సంతకం కాకి గీకినట్టుంది. అంత దూరం వెళ్ళి కూడా బాగుపడలేదు.'

"తర్వాత?"

"తర్వాత ఏమీ లేదండీ. ఖాళీ."

ఆయన డైరీని తన వైపు లాక్కుని ఆ చివరి వరస మీద వేలు పెట్టాడు. బుగ్గల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"అంటే చివరిదాకా తిట్టాడన్నమాట" అన్నాడు.

"చివరిదాకా తిట్టారండీ" అంది సులోచన.

"చివరిదాకా!" అన్నాడు నాతో. మళ్ళీ కుర్చీ చేతి మీదున్న నిఖిత వైపు తిరిగి, ఫస్టు మార్కులొచ్చిన కుర్రాడిలా గర్వంగా అన్నాడు. "విన్నావా? మా నాన్న నన్ను చివరిదాకా తిడుతూనే ఉన్నాడు!"